మామయ్యను ఇంటికి తెచ్చుకున్నాం, ఎలా చూసుకోవాలి?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా మామయ్యగారికి అరవై ఎనిమిదేళ్లు. కడుపులో క్యాన్సర్, లివర్‌కి కూడా పాకింది. ఆస్పత్రిలో "ఇంక చేసేదేం లేదు, ఇంటి దగ్గరే చూసుకోండి" అని పంపేశారు. మూత్రానికి పైపు వేశారు, నొప్పికి మార్ఫిన్ మాత్రలు రాశారు. రెండు చెంచాల జావ కంటే తాగడం లేదు. నడుం కింద ఎర్రగా కమిలింది. మార్ఫిన్ వేస్తే ఊపిరి ఆగిపోతుందని మా ఆడపడుచు వేయనివ్వడం లేదు. సెలైన్ పెట్టించకుండా ఎండబెడుతున్నామని చుట్టాలు నా ముందే అంటున్నారు. ఒళ్లు తుడవడానికి ఆయన సిగ్గుపడుతున్నారు, నాకూ ఇబ్బందిగానే ఉంది. నేను నర్సును కాను. ఏం చేయాలో, ఏం చేయకూడదో చెప్పండి.

జవాబు: అమ్మా, "ఇంక చేసేదేం లేదు" అన్న మాటను ముందు పక్కన పెట్టండి. ఆ మాట విని కుంగిపోయిన కుటుంబాలను క్యాన్సర్ వార్డులో పనిచేసిన కాలమంతా చూస్తూనే ఉన్నాను. జబ్బును తగ్గించే మందు లేదన్నది నిజమే కావచ్చు. మనిషికి చేసేది మాత్రం చాలా ఉంది, అందులో ఎక్కువ భాగం ఇంట్లోవాళ్లు నేర్చుకోగలిగిందే. వర్జీనియా హెండర్సన్ అనే అమెరికన్ నర్సు మా వృత్తికి ఒక నిర్వచనం రాశారు. 1960లో అంతర్జాతీయ నర్సుల మండలి దాన్ని ప్రపంచమంతటికీ అందించింది. మనిషికి బలమూ తెలివిడీ ఉంటే తన పనులు తానే చేసుకుంటాడు, అవి లేనప్పుడు ఆ పనులు మనం చేసి పెట్టడమే నర్సింగ్ అని దాని సారాంశం. కోలుకోవడానికి తోడ్పడటంతో పాటు, ప్రశాంతంగా కన్నుమూయడానికి తోడ్పడటాన్నీ ఆవిడ అందులో చేర్చారు. మీరిప్పుడు చేయబోయేది ఆ పనే.

ముందుగా నొప్పి సంగతి. నొప్పి తగ్గకపోతే ఆయన్ను ఒత్తిగిలించలేరు, తుడవలేరు, కంటినిండా నిద్రపోనివ్వలేరు. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్‌ను నోటి ద్వారా, గడియారం చూసి వేళకు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పింది. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల అది దొరకడమే గగనమైపోయింది, 2014లో చట్టాన్ని సవరించాక కొంత వెసులుబాటు వచ్చింది. అందుకే ఆ మందంటే జనానికి తెలియనితనమూ, భయమూ రెండూ ఉన్నాయి. మీ ఆడపడుచు భయం కూడా అక్కడి నుంచి వచ్చిందే, ఆమెను తప్పుపట్టకండి. డాక్టర్ నొప్పిని బట్టి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతూ పోతే, మార్ఫిన్ వల్ల ఊపిరి ఆగిపోయే పరిస్థితి సాధారణంగా రాదు. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉంటుంది, కొందరికి వికారం కూడా ఉంటుంది. రెండూ తగ్గిపోతాయి. తగ్గనిది మలబద్ధకం ఒక్కటే. అందుకని మార్ఫిన్ రాసిన చీటీలో విరేచనం మందు కూడా ఉందో లేదో చూడండి. లేకపోతే అడిగి రాయించుకోండి. తిండి లేకపోయినా పేగుల్లో మలం తయారవుతూనే ఉంటుంది. నాలుగు రోజులు విరేచనం కాక, ఆ తర్వాత నీళ్లలా కొద్దికొద్దిగా కారుతుంటే అది విరేచనాలు పట్టుకోవడం కాదు. లోపల గట్టిపడిన మలం పక్కనుంచి కారుతోందన్నమాట. విరేచనాలు కట్టే మాత్ర వేయకుండా డాక్టర్‌కి చెప్పండి.

మాత్ర నాలుగు గంటలకోసారి అని రాసి ఉంటే నాలుగు గంటలకోసారే. నొప్పి వచ్చాక చూద్దామని ఆగకండి, పెరిగిపోయిన నొప్పిని దించడానికి ఎక్కువ మందు పడుతుంది. ఒళ్లు తుడవడం, పుండు కడగడం లాంటివి మాత్ర వేసిన అరగంట తర్వాత పెట్టుకోండి. మాట రాని స్థితిలో నొప్పి ఉందో లేదో ముఖంలో చూడాలి. నుదురు ముడిపడటం, కదిపినప్పుడు మూలగడం, పళ్లు బిగించడం, దుప్పటిని గుప్పిట పట్టుకోవడం నొప్పి గుర్తులే. తట్టి లేపినా లేవకుండా ఊపిరి బాగా మందగించినా, కాళ్లూ చేతులూ ఊరికే ఉలిక్కిపడుతున్నా మోతాదు మార్చాల్సి రావచ్చు, వెంటనే ఫోన్ చేయండి. మాత్రలు తాళం వేసిన పెట్టెలో ఉంచండి.

ఇక తిండి, సెలైన్. మిమ్మల్ని ఎక్కువగా ఏడిపిస్తున్నది ఇదేనని మీ ఉత్తరంలో తెలుస్తూనే ఉంది. మన ఇళ్లలో ప్రేమంటే పెట్టడమే కదా, పెట్టలేకపోతే పాపం చేసినట్టు ఉంటుంది. ఈ దశలో శరీరం తిండి అడగదు. ఇచ్చినా అరిగించుకోదు. ఆయన తినకపోవడం వల్ల నీరసించిపోవడం లేదు, జబ్బు ముదిరి శరీరం తన పనులు ఒక్కొక్కటే ఆపేస్తోంది కాబట్టి ఆకలి పోయింది. సెలైన్‌లో ఉండేది నీళ్లూ ఉప్పూ, కొన్నిట్లో కాస్త గ్లూకోజ్. మూత్రపిండాలు నెమ్మదించిన మనిషికి బాటిల్ మీద బాటిల్ ఎక్కిస్తే నిండిన మడికి ఇంకా నీళ్లు తిప్పినట్టే. ఆ నీరు కాళ్లలోకీ పొట్టలోకీ ఊపిరితిత్తుల్లోకీ దిగుతుంది. ఆయాసం పెరుగుతుంది, గొంతులో కఫం గురగుర పెరుగుతుంది. పైగా నరం దొరక్క చేతులంతా పొడుస్తారు. నిన్నటిదాకా బాగా మాట్లాడుతున్న మనిషి వాంతుల వల్లో జ్వరం వల్లో హఠాత్తుగా నీరసించిపోతే అది వేరే సంగతి, అప్పుడు డాక్టర్ సెలైన్ పెట్టమనవచ్చు. ఆ నిర్ణయం ఆయన్ను చూసిన డాక్టర్‌ది. పరామర్శకు వచ్చి ఓ మాట అనేసి పోయేవాళ్లది కాదు. ముక్కులోంచి వేసే తిండి గొట్టం గురించి కూడా ఇదే నా అభిప్రాయం.

మరి ఏం పెట్టాలి? ఆయన అడిగింది, అడిగినంత. షుగర్ పథ్యం, ఉప్పు పథ్యం ఇంక పట్టించుకోనక్కర్లేదు, డాక్టర్‌కి ఒక మాట చెప్తే చాలు. పల్చని మజ్జిగో కొబ్బరినీళ్లో ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, చిన్న ముక్కను పల్చటి శుభ్రమైన గుడ్డలో చుట్టి పెదాల మధ్య పెట్టండి. పూర్తి మెలకువలో ఉన్నప్పుడే సుమా. వార్డులో ఒక పెద్దాయన ఏమీ ముట్టేవారు కాదు. కొడుకు తాటిముంజె తెచ్చి బొటనవేలితో చీరి ఆ నీళ్లు చెంచాతో నాలుక మీద వేస్తే, "ఇది మన చెరువుగట్టు చెట్టుదేరా" అన్నారు. ఆ పూట ఆయన లోపలికి వెళ్లింది రెండు చెంచాలే. అయినా కొడుకు ముఖం తేటపడింది.

ఏది పెట్టినా వీపు వెనక దిండ్లు పెట్టి బాగా లేపి కూర్చోబెట్టి, గడ్డం కొద్దిగా ఛాతీ వైపు వంచి, చిన్న చెంచాతో వేయండి. మింగారని గొంతు కదలిక చూశాకే రెండో చెంచా. తర్వాత అరగంట అలాగే కూర్చోబెట్టండి. పొలమారుతున్నా, మగతలో ఉన్నా బలవంతంగా పోయవద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా అవుతుంది. చివరి గడియల్లో అందరూ వరసగా తులసితీర్థం పోస్తారు. మానమని చెప్పను. దూదిని తీర్థంలో ముంచి, పిండి, పెదాలూ నాలుకా తడపండి. చాలు.

నీళ్లు ఎక్కించడం లేదని బాధపడేకంటే నోరు చూసుకోండి. చివరి రోజుల్లో దాహమంటే చాలావరకు నోరు ఎండిపోవడమే, ఒంట్లోకి ఎంత నీరు ఎక్కించినా అది తీరదు. నోరు తడిపితే తీరుతుంది. పావులీటరు గోరువెచ్చని నీళ్లలో పావు చెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు కలపండి. చిన్నపిల్లల మెత్తని బ్రష్ అందులో ముంచి, విదిలించి, తల ఒక పక్కకు తిప్పి, పళ్లూ చిగుళ్లూ బుగ్గల లోపలా నాలుకా మెల్లగా తుడవండి. బ్రష్ నాలుక మీద మరీ వెనక్కి పోతే డోకు వస్తుంది. కట్టుడు పళ్లుంటే తీసేయండి. పెదాలకు వాజ్‌లైన్ పల్చగా రాయండి, ఆక్సిజన్ పెట్టి ఉంటే మాత్రం వాజ్‌లైన్, నూనెలు వద్దు. రోజుకు నాలుగు సార్లు చేయండి, నోటితో ఊపిరి తీసుకోవడం మొదలయ్యాక గంటకో రెండు గంటలకో ఒకసారి తడుపుతూ ఉండండి. తెల్లని పొర తుడిచినా పోకుండా, కింద ఎర్రగా ఉంటే అది ఫంగస్, డాక్టర్ మందిస్తే కొద్ది రోజుల్లో తగ్గుతుంది.

ఈ పని మీ ఆడపడుచుకు అప్పగించండి. మార్ఫిన్ వద్దనో సెలైన్ పెట్టించమనో గట్టిగా పట్టుబట్టేవాళ్లు చాలాసార్లు నాన్నకు ఏమీ చేయలేకపోతున్నామే అని లోపల నలిగిపోతున్నవాళ్లే. చేతికి గిన్నే బ్రష్షూ ఇచ్చి, ఎలా చేయాలో ఒకసారి చూపించి, నాన్న పక్కన కూర్చోబెట్టండి. నోరు తడవగానే ఆయన పెదాలు కదిలించడం, మొహం సడలడం ఆమె కళ్లతో ఆమే చూస్తుంది. మీరు వంద సార్లు సర్దిచెప్పినా రాని నెమ్మది దానితో వస్తుంది.

నడుం కింద కమిలిందన్నారు, దాన్ని ఈ రోజే పట్టించుకోండి. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఇంకా రక్తం తిరుగుతోంది, ఒత్తిడి తీసేస్తే తగ్గుతుంది. నొక్కినా రంగు మారకపోతే బెడ్‌సోర్ మొదలైనట్టే. చామనఛాయలో ఎరుపు సరిగా కనపడదు, కాబట్టి వేడిగా ఉందా, గట్టిగా ఉందా, చుట్టుపక్కల కంటే నల్లగా ఉందా అని కూడా తడిమి చూడండి. ఆ చోట నూనె పెట్టి మర్దనా చేయకండి, లోపల నలిగిన కండ ఇంకా నలుగుతుంది. పౌడర్ చల్లకండి. మధ్యలో చిల్లున్న రబ్బరు రింగు కొనకండి, దాని అంచు చుట్టూ రక్తాన్ని ఆపేస్తుంది.

చేయాల్సిందల్లా ఆ చోటు మీద బరువు పడకుండా చూడటం. రెండు గంటలకోసారి ఎడమకు, వెల్లకిలా, కుడికి మార్చండి. కమిలిన చోటు తగ్గేదాకా వెల్లకిలా వంతు బాగా తగ్గించండి. పూర్తిగా పక్కకు తిప్పేస్తే తుంటి ఎముక మీద బరువు పడి అక్కడ పుండు పడుతుంది. వీపు వెనక దిండు పెట్టి, ముప్పై డిగ్రీలు అంటారే, అంత వాలుగా ఉంచితే చాలు. మోకాళ్ల మధ్య ఒక దిండు. పిక్కల కింద ఇంకో దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా గాలిలో ఉంచండి, మడమ పుండు మానడం కష్టం. తినిపించే వేళ తప్ప తలవైపు ఎక్కువ ఎత్తు పెట్టకండి, మనిషి కిందికి జారుతూ ఉంటాడు, ఆ జారుడుకే చర్మం ఒరుసుకుపోతుంది.

ఒక్కరే తిప్పాల్సి వస్తే: ఏ వైపు తిప్పుతారో ఆ వైపు నిలబడండి. అవతలి మోకాలు మడిచి పెట్టండి, అవతలి చేతిని ఛాతీ మీద వేయండి. "మామయ్యా, ఇటు తిప్పుతున్నా" అని చెప్పి, ఒక చెయ్యి భుజం మీద, ఒక చెయ్యి తుంటి మీద వేసి మీ వైపుకు తిప్పుకోండి. లాగడం కాదు, దొర్లించడం. పైకి జరపాలంటే ఒక్కరి వల్ల కాదు. పాత నూలు చీర నాలుగు మడతలు వేసి భుజాల నుంచి తొడల దాకా ఆయన కింద పరిచి ఉంచండి. మీరొక పక్క, మీవారొక పక్క దాని అంచులు ఒంటి దగ్గరగా చుట్టి పట్టుకుని, ఒకేసారి లేపి జరపండి. చంకల కింద చేతులు వేసి ఈడ్చకండి. మీ మోకాళ్లు వంచి లేపండి, లేకపోతే వారం తిరిగేసరికి మీ నడుం పట్టేస్తుంది.

గాలి నిండుతూ తగ్గుతూ ఉండే ఆల్ఫా బెడ్ అద్దెకు దొరికితే తెచ్చుకోండి. దానిమీద ఒక పల్చటి దుప్పటి చాలు. చాలా ఇళ్లలో మెత్తగా ఉంటుందని పైన బొంతా, రబ్బరు షీటూ, మళ్లీ దుప్పటీ పరుస్తారు, అప్పుడు ఆ పరుపు పెట్టినా పెట్టనట్టే. అది ఉన్నా తిప్పడం మానకూడదు, రాత్రిళ్లు మాత్రం కాస్త వ్యవధి పెంచవచ్చు. చర్మం చిట్లితే నార్మల్ సెలైన్‌తో కడిగి, ఏ కట్టు వేయాలో నర్సును అడగండి. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, పసుపు పెట్టకండి. వాసన వస్తుంటే చెప్పండి, దానికీ మందుంది. ఇదంతా చెప్పాక ఒక మాట. బాగా చివరి రోజుల్లో తిప్పినప్పుడల్లా ఆయన బాధపడుతుంటే, హాయిగా ఉన్న భంగిమలో ఎక్కువసేపు ఉండనివ్వండి. అప్పటికి పుండు పడకుండా ఆపడం కంటే నొప్పి లేకుండా ఉండటం ముఖ్యం.

ఒళ్లు తుడిచే పని మీవారిది. కోడలితో ఒళ్లు తుడిపించుకోవడానికి ఆయన సిగ్గుపడటం ఆయన పెద్దరికం, దాన్ని మనం కాపాడాలి. ఉదయం పనికి వెళ్లేముందు అరగంట చాలు. తలుపు వేసి, ఫ్యాన్ ఆపి, గోరువెచ్చని నీళ్లతో మొదలుపెట్టాలి. ముందు కళ్లు, సబ్బు లేకుండా. తర్వాత మొహం, చేతులు, ఛాతీ, కాళ్లు, వీపు. నీళ్లు మార్చి చివర్లో మర్మావయవాలు, మలద్వారం. ఏ భాగం తుడుస్తున్నారో అంతవరకే దుప్పటి తీసి, అద్ది ఆరబెట్టి, మళ్లీ కప్పాలి. చంకలూ గజ్జలూ తడిగా ఉండిపోతే ఒరుసుకుపోతాయి. మీవారు జంకితే చెప్పండి, పసివాడిగా ఉన్నప్పుడు తనకు నీళ్లు పోసినవి మామయ్య చేతులేనని. మధ్యాహ్నం పక్క తడిసి మీరే మార్చాల్సి వస్తే, పైన తువ్వాలు కప్పి ఉంచి కిందనుంచి పని కానివ్వండి, ప్రతి పనీ చేసేముందు చెప్పి చేయండి. మాట్లాడలేకపోయినా చెప్పండి.

మూత్రం సంచి ఎప్పుడూ నడుం కంటే కిందుగా వేలాడాలి, నేలకు తగలకూడదు. పైపు ఒంట్లోకి వెళ్లే చోట రోజూ సబ్బునీళ్లతో కడగండి. ఉన్నట్టుండి మనిషి అస్థిమితంగా దొర్లుతుంటే ముందు పైపు మడత పడిందేమో చూడండి.

ముందుముందు వచ్చే మార్పులు తెలిసి ఉంటే భయపడరు. రోజులో ఎక్కువ భాగం నిద్రలోనే ఉంటారు. మూత్రం తగ్గి ముదురు రంగులో వస్తుంది. సంధి ప్రేలాపనలా పోయినవాళ్లతో మాట్లాడవచ్చు, గాల్లో చేతులు చాపవచ్చు. వాదించకండి, చేతులు కట్టేయకండి. గదిలో చిన్న దీపం ఉంచి, నొప్పి, మూత్రం, విరేచనం సంగతి ముందు చూసుకుని, అయినా తగ్గకపోతే డాక్టర్‌ని అడగండి, మందులున్నాయి. కాళ్లూ చేతులూ చల్లబడతాయి, మోకాళ్ల దగ్గర ఊదారంగు మచ్చలు వస్తాయి. ఎగశ్వాస మొదలవుతుంది, గబగబా కొన్ని ఊపిర్లు, తర్వాత చాలాసేపు ఆగడం, మళ్లీ మొదలు. గొంతులో గురగుర వినడానికి మనకు భయంకరంగా ఉంటుంది, మగతలో ఉన్న ఆయనకు దానివల్ల బాధ ఉన్నట్టు కనపడదు. పక్కకు ఒత్తిగిలించి తల కొద్దిగా ఎత్తితే తగ్గుతుంది. గొట్టం వేసి కఫం లాగించాలని చూడకండి. ఆయాసానికి కిటికీ తీసి, చిన్న ఫ్యాన్ గాలి మొహానికి తగిలేలా పెట్టండి.

ఆయన ముందు "అయ్యో, ఎన్ని రోజులో" అని మాట్లాడుకోనివ్వకండి. స్పృహ లేనట్టు కనిపించే మనుషుల్లో కూడా కొందరి మెదడు చివరి గంటల్లో శబ్దాలకు స్పందిస్తోందని కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు 2020లో ప్రచురించారు. వరి కోతల కబుర్లు చెప్పండి, మనవళ్లను పక్కన కూర్చోబెట్టండి. "నాకేమైందమ్మా?" అని అడిగితే "ఏం లేదు, తగ్గిపోతుంది" అనకండి. "మీకేమనిపిస్తోంది మామయ్యా?" అని అడిగి వినండి. చాలామందికి తెలిసే ఉంటుంది. తెలిసినట్టు మాట్లాడనిచ్చే మనిషి కావాలి వాళ్లకు. పొలం, అప్పు, ఎవరితోనో మాటలు లేకపోవడం, ఇలాంటివేవో మిగిలి ఉంటాయి.

చివరి నిమిషంలో కంగారుపడి అంబులెన్స్ ఎక్కించి ఐసీయూకి తీసుకెళ్లాలా వద్దా అన్నది ఇంట్లో అందరూ కూర్చుని ఇప్పుడే తేల్చుకోండి, ఆయన చెప్పగలిగితే ఆయన్ను అడిగి. గౌరవంగా కన్నుమూయడం జీవించే హక్కులో భాగమేనని 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఇంట్లోనే పోతే వచ్చి చూసి ధ్రువీకరించే డాక్టర్‌ని ముందే మాట్లాడుకోండి. జబ్బుతో ఇంట్లో పోయినందుకు పోలీసులకు చెప్పనక్కర్లేదు. ఇరవై ఒక్క రోజుల్లోపు పంచాయతీలో నమోదు చేయిస్తే చాలు. ఊపిరి ఆగాక కూడా తొందరేమీ లేదు, అందరూ కాసేపు ఆయన దగ్గర కూర్చోవచ్చు.

మీరు రాత్రంతా మేలుకుంటున్నట్టు రాయలేదు గానీ, ఉత్తరం చదివితే అలాగే ఉంది. రాత్రి రెండు వాటాలు చేసి ఒకటి మీవారికి ఇవ్వండి. ఈ అవసరం ఉన్న మిగతా పాఠకులకు కూడా చెబుతున్నాను: హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎమ్‌ఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో నొప్పి నివారణకు ప్రత్యేక విభాగం ఉంది. విశాఖ దగ్గర అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. ఇంట్లో చూసుకోలేనివాళ్లకు హైదరాబాద్‌లో స్పర్శ్ హాస్పిస్ లాంటివి ఉన్నాయి.

రేపు ఉదయమే మిమ్మల్ని పంపిన ఆస్పత్రికి ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి. మార్ఫిన్‌తో పాటు విరేచనానికి ఏ మందు వేయాలి? మాత్ర మింగలేని రోజు వస్తే నొప్పికి ఏమివ్వాలి, ప్యాచ్ అంటించాలా, ఇంజెక్షన్ ఇవ్వాలా, అది ఎవరిస్తారు? అర్ధరాత్రి నొప్పో ఆయాసమో పెరిగితే ఏ నంబరుకు చేయాలి? జవాబులు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, మాత్రలు వేసే వేళలు కూడా కిందే రాసి, మంచం దగ్గర గోడకు అంటించండి. అప్పుడు మీరు పడుకున్నా, మీవారున్నా, ఆడపడుచున్నా పని ఆగదు.